కావలి వెంకట లక్ష్మయ్యగారు

ఆంధ్రదేశ చరిత్రమును కొంచెమైనను చదివినవారికి మెకంజీ కైఫీయత్తుల పేరు వినబడక మానదు. ఒక గ్రామమెప్పుడు కట్టబడినది, అందలి గుడి నెవరు నిలిపిరి, చెరువు నెవరు త్రవ్వించిరి, అగ్రహారము నెవరు దానము చేసిరి అను సంగతులు తెలియవలెనన్నచో పరిశోధకులు నేటికిని ఆ వ్రాతలనే తిరుగవేయుచున్నారు. కాని ఆ వ్రాతలను ఊరూరను దిరిగి చేర్చినవారెవరు, చదివి అర్థము చెప్పినవారెవరు అని యడిగినచో బదులు చెప్పగలవారు కొలదిమంది మాత్రమే. కర్నలు కాలిన్ మెకంజీ దొరగారి పేరు ఆ సంచయమున కంతటికిని ముద్రవలె నిలిచిపోయినది. ఆ దొరగారికి దేశభాషలు రావు. ఈ సంగతి నాయన దాచుకొనలేదు. భాషలు రానివాడు ఆ భాషలలోని వేలకొలది వ్రాతప్రతులకు స్థాపకుడుగా పేరు గాంచుటయు, భాషలు తెలిసి ఆ పని నడపినవారు సహాయకులుగానే మిగిలిపోవుటయు ఎట్లు పొసగెనో గ్రహింపవలెనన్నచో, ఏలూరి కావలివారిలో నొకరగు వెంకట లక్ష్మయ్యగారి జీవితమును మనము తెలిసికొనవలసి యున్నది.

ముందుగా ఆ కాలపు కొలువుల తీరును గమనింతము. కుంఫిణీవారి యేలుబడిలో మనుష్యుని స్థానము అతని పుట్టుకచేతను కొలువుచేతను గూడ నిర్ణయింపబడుచుండెను. నేటి చెన్నై యగు చెన్నపట్టణమున కోటలోపలిది తెల్లవారి పట్టణము, వెలుపలిది నల్లవారి పట్టణము అని పేళ్లే యుండెను. సర్కారు కొలువులయందును ఇట్టి గోడలే యుండెను. తల్లిదండ్రులలో నొకరు దేశీయులైనవారికి సివిలు, సైనిక, నౌకా శాఖలలో ఉద్యోగములు లేవని 1791లో కుంఫిణీ డైరెక్టర్లు ఆజ్ఞ చేసిరి. తండ్రి ఆంగ్లేయుడైనను తల్లి ఈ దేశస్థురాలైనచో కుమారునికి పైమెట్టు లభింపదన్నమాట. 1795లో ఆ నిషేధమును మఱింత బిగించి, అట్టివారికి సైన్యమున వాద్యగాండ్రు, గుఱ్ఱములకు లాడములు వేయువారు మొదలగు పనులు మాత్రమే విడిచిరి. సర్వేశాఖకు చేతిక్రింది పనివారు కావలసిరాగా, 1794లో చెన్నపట్టణపు నక్షత్రశాలయొద్ద పాఠశాల నొకదానిని పెట్టి, అనాథాశ్రమమున పెరుగుచున్న అట్టి పిల్లలకే కొలతలును పటలేఖనమును నేర్పిరి. వారు కొండలెక్కి గొలుసులు వేసి భూమిని కొలువవచ్చును. శాఖకు అధిపతులు మాత్రము కాజాలరు.

ఈ మెట్ల వరుసలో దేశీయులగు దుబాసీలు, మున్షీలు, గుమాస్తాలు మఱియు దిగువను నిలిచిరి. వారిక్రింద జవానులు, కూలీలు. దొరతనమువారు క్రొత్త నిచ్చెనను వేసినప్పుడు పాత నిచ్చెనను తీసివేయలేదు. మన సంఘమున అంతకుముందే యున్న కులముల యంతరములు క్రొత్తకొలువులకు పునాదిరాళ్లుగా నుపయోగపడెను. చదువును లెక్కయు తరతరములుగా నెవరిచేత నుండెనో వారే కచేరీ గుమ్మమును ముందుగా త్రొక్కిరి. కావలివా రట్టి కుటుంబమువారు. నియోగులు, సంస్కృతాంధ్రములు నేర్చినవారు. ఉత్తర సర్కారులు నైజాము చేతినుండి ఫ్రెంచివారికిని, వారినుండి ఆంగ్లేయులకును మారిన కాలమున, ప్రభువు మారినను దస్తావేజులు వ్రాయుట మానని యుద్యోగవర్గమునకు చెందినవారు.

ఈ కుటుంబమున మొదట పేరు గాంచినవారు లక్ష్మయ్యగారి యన్న బొఱ్ఱయ్యగారు. ఆయన 1776లో జన్మించెను. మెకంజీ స్కాట్లండునకు పడమటనున్న ద్వీపమున పుట్టి, 1783లో ఈ దేశమునకు వచ్చినవాడు. వచ్చి పదుమూడేండ్లు గడచినను దేశచరిత్రమును తెలిసికొనవలెనను కోరిక ఆయనకు కోరికగానే యుండెను. 1796లో సింహళమునుండి మరలివచ్చిన పిమ్మట బొఱ్ఱయ్యగారితో పరిచయము కలుగగా త్రోవ తెరువబడెను. చాలకాలమునకు తరువాత, 1817లో, తన మిత్రుడగు అలెగ్జాండరు జాన్స్టనుగారికి వ్రాసిన లేఖలో, భారతీయ విద్యామందిరపు ద్వారమున తాను తొలియడుగు పెట్టుట ఆ యువకుని పరిచయము వలననే యని మెకంజీ స్పష్టముగా నంగీకరించెను. వివిధ మతములవారిని, వివిధ తెగలవారిని మంచిమాటలతో సమాధానపఱచి పరిశోధనమునకు సమ్మతింపజేయు నేర్పు బొఱ్ఱయ్యగారియందుండెనని కూడ కొనియాడెను. ఈ కృతజ్ఞత మెకంజీ కీర్తికి తక్కువ కాదు. అట్లు వ్రాసిన యధికారు లా కాలమున నరుదు.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు మరణించిన పిదప మైసూరు దేశమును కొలిపించు పని మెకంజీకి లభించెను. ఆ సర్వేలో భూమిని కొలుచుటతోపాటు ఆ భూమిమీది మనుష్యుల కథను సేకరించుటకును వీలు కలిగెను. బొఱ్ఱయ్యగారు సోదరులను పనిలోనికి తెచ్చిరి. ఎట్టి ప్రశ్నలడుగవలెనో, శాసనము నెట్లు నకలు తీయవలెనో, కరణముల కవిలెలలో నేవి యెత్తి వ్రాసికొనవలెనో నేర్పిరి. జైనులనుగూర్చి ఒక జైనగురువునొద్ద ఆయన సేకరించి భాషాంతరీకరించిన వృత్తాంతము కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి పరిశోధన సంపుటములలో తొమ్మిదవదానియందు అచ్చుపడినది. అందు బొఱ్ఱయ్యగారి పేరు అనువాదకుడుగా నిలిచినది. పని మేజరు మెకంజీ నిమిత్తము చేయబడినదని కూడ శీర్షికయందే యున్నది. వ్రాసినవానికిని వ్రాయించినవానికిని గల యంతరమును ఆ యొక్క శీర్షికయే తెలుపుచున్నది. అది యచ్చగుచూచుటకు బొఱ్ఱయ్యగారు లేరు. 1803లో, ముప్పది యేండ్లైనను నిండకుండగనే, ఆయన కాలధర్మము నొందెను.

అన్న విడిచిన భారము లక్ష్మయ్యగారిమీద పడెను. అప్పటినుండి మెకంజీ మరణించువరకు, అనగా సుమారు పదునెనిమిది సంవత్సరములు, ఆ పరిశోధనశాఖకు దేశీయులలో ముఖ్యుడు లక్ష్మయ్యగారే. ఈ పని యెట్టిదో కచేరీలలో ననుభవముగల మన పాఠకులకు సులభముగా బోధపడగలదు. దత్తమండలములకొకరిని, అరవదేశమునకొకరిని, కన్నడదేశమునకొకరిని పంపవలెను. వారు తాము తిరిగిన యూళ్లను, కలిసికొన్నవారిని, దొరకినవానిని, దొరకనివానిని తెలుపుచు నివేదికలు పంపుచుండిరి. వచ్చినవానిని చదివి, పట్టీలు వ్రాసి, సారాంశము నింగ్లీషునకు మార్చి దొరగారి ముందుంచవలెను. దొరగారి సందేహములకు మరల ఉత్తరములు వ్రాయవలెను.

గ్రామములందు పని యంత సులువుగా సాగలేదు. కాగితము పట్టుకొని సర్కారు మనిషి వచ్చినాడనగా రైతు శిస్తు పెరుగుననియు, ఇనాముదారు మాన్యము పోవుననియు జంకుట సహజము. పూర్వ దానశాసనములు చూపుమనినచో, అవి చెల్లవని చెప్పుటకే యడుగుచున్నారని శంకించిరి. ఈ శంక నిరాధారమైనది గూడ కాదు. కుంఫిణీకి చరిత్రమునందుగల యాసక్తి భూమిమీది హక్కులు తెలిసికొను నాసక్తితో కలిసియే యుండెను. సంభావనలిచ్చి, పరిచయ పత్రములు చూపి, కొన్నియెడల రోజులకొలది కాచుకొని, కావలివారును వారి యనుచరులును వ్రాతలను సంపాదించిరి. ఇట్లు చేరిన సంచయము సామాన్యమైనది కాదు. విల్సన్ పండితుని పట్టిక ప్రకారము గ్రంథముల వ్రాతప్రతులు 1,568, స్థానిక వృత్తాంతములు 2,070, శాసనముల నకళ్లు 8,076, నాణెములు 6,218. ఇవికాక వేలకొలది భాషాంతరములును చిత్రములును గలవు.

1816లో థామస్ హికీ యను చిత్రకారుడు మెకంజీ చిత్తరువును వ్రాసెను. అది నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీవారి సంచయమున నున్నది. ఎఱ్ఱని సైనికపు కోటు ధరించి దొరగారు నడుమ నిలిచియుందురు. ఆయనతో ముగ్గురు దేశీయులు కనబడుదురు. తాటాకుల ప్రతి పట్టుకొన్నవాడు జైనపండితుడగు ధర్మయ్యగారనియు, దూరదర్శిని పట్టుకొన్నవాడు జవాను కిష్ణాజీ యనియు, మూడవవారు లక్ష్మయ్యగారనియు చెప్పుదురు. దూరమున గోమటేశ్వరుని విగ్రహము నిలిచియుండును. ఆ చిత్రమున అబద్ధము లేదు. సైనికాధికారి, పండితులు, జవాను అను వరుస యెట్లుండెనో అట్లే యున్నది. అయినను దాని నెదుట నిలిచి చూచువానికి ఒక ప్రశ్న తోపక మానదు. తాటాకు పట్టుకొన్నవాడు దానిని చదువగలడు. నడుమ నిలిచినవాడు చదువలేడు. అట్లుండియు చిత్రము నడిమివానిది.

ఇచ్చట మనవారిని గూర్చియు నొకమాట చెప్పుట న్యాయము. కావలివారు పైమెట్టుచే అణపబడిరని విచారించు మనము, వారి క్రిందిమెట్లను మఱచిపోరాదు. కైఫీయత్తులకు ఆధారమైన మాటలలో నధికభాగము కరణములవి, అర్చకులవి, పాలెగాండ్రవి, మఠాధిపతులవి. గ్రామమునకు నీరుపెట్టినవాని నోట, తోలు పదునుచేసినవాని నోట ఆ గ్రామచరిత్రము వినబడుట మిక్కిలి యరుదు. కొలువును సోదరులకును బంధువులకును దొరకించుకొను ఆచారము కావలివారియందును కనబడుచున్నది. అది యాకాలపు కచేరీల సామాన్యధర్మము. జాతిచేత ఆంగ్లేయునికి క్రిందివారైనవారే కులముచేత ఊరివారికి పైవారు. వలసరాజ్యపు నిచ్చెన యింతకాలము నిలిచుట కిదియే ముఖ్యకారణమని మా యభిప్రాయము. ప్రతి మెట్టుననున్నవానికిని తనక్రింద నొకమెట్టు కనబడుచుండెను. కావున నిచ్చెననే ప్రశ్నింపవలెనను బుద్ధి సులభముగా పుట్టలేదు.

మెకంజీ 1815లో భారతదేశమున కంతకును సర్వేయరు జనరలుగా నియమింపబడి, 1817లో కలకత్తాకు తరలెను. సంచయమును, సహాయకులలో కొందఱును ఆయనవెంట తరలిరి. 1821 మే 8వ తేదీని ఆయన మరణించెను. తన సొంతధనమును విశేషముగా వెచ్చించి కూర్చిన ఆ సంచయమును ఆయన భార్యయొద్దనుండి కుంఫిణీవారు 10,000 పౌనులకు కొనిరి. దానికి పట్టిక వ్రాయు పని హోరేస్ హేమన్ విల్సన్ పండితుడు చేపట్టెను. ఆయన సంస్కృతమున దిట్టయే కాని, దక్షిణదేశ భాషలలో పరిచయము లేనివాడగుటచే ఆ భాషల వ్రాతలకు దేశీయులు చేసియిచ్చిన భాషాంతరములనే నమ్ముకొనవలసివచ్చెను. పట్టిక 1828లో విల్సనుగారి పేర వెలువడెను.

కావలి సోదరులలో మఱియొకరగు రామస్వామిగారు ఈ కాలముననే తమ పేరిట గ్రంథములు ప్రకటింప మొదలిడిరి. దక్షిణాపథ కవుల జీవితములను ఆంగ్లమున వ్రాసి 1829లో కలకత్తాలో అచ్చువేయించిరి. తెలుగుకవుల చరిత్రమును ఆంగ్లమున వ్రాసిన తొలి ప్రయత్నములలో నిది యొకటి. అందు తన యన్న బొఱ్ఱయ్యగారి చరిత్రమునకు గూడ చోటిచ్చిరి. ఇతరుల శీర్షికలలో అనువాదకుడుగా నిలిచిన యన్నకు, తమ్ముడు తన గ్రంథమున కవుల పంక్తిలో ఆసనము వేసెను.

లక్ష్మయ్యగారు వేఱొక మార్గమును త్రొక్కిరి. 1830 దశకమున చెన్నపట్టణమున హిందువుల సాహిత్య సంఘమున కధ్యక్షులై, మెకంజీతో నిలిచిపోయిన పరిశోధనమును దేశీయుల నాయకత్వమున కొనసాగింపవలెనని తలపెట్టిరి. సేకరింపవలసిన వింకను మిగిలియున్నవి. సేకరించినవానిలో అనేకములు పరిశీలింపబడలేదు. ఆ వ్రాతలను తెచ్చినవారు, అవి యే యూరివో యెవ్వరివో యెఱిగినవారు ఇంకను జీవించియున్నారు. కాలము వారికనుకూలముగనే కనబడెను. 1833లో బ్రిటిషు పార్లమెంటు కుంఫిణీ ఫర్మానాను పొడిగించుచు, మతముచేతగాని, జన్మస్థానముచేతగాని, వంశముచేతగాని, రంగుచేతగాని ఏ దేశీయుడును కుంఫిణీ కొలువున కనర్హుడు కాడని తన చట్టపు 87వ విభాగమున శాసించెను. ముప్పదియేండ్లకు పైగా నొక్క పనియందే తలపండిన పండితుడు, ఆ పని తన కప్పగింపుడని యడుగుట కింతకంటె మంచి సమయమేది?

ఆయన ప్రతిపాదన ప్రభుత్వము ద్వారా కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి యభిప్రాయమునకు వచ్చెను. జేమ్స్ ప్రిన్సెప్ ఆ సంఘమునకు కార్యదర్శి. 1836లో సంఘమువారి నివేదిక ప్రకటింపబడెను. లక్ష్మయ్యగారు పంపిన సంగ్రహమును బట్టి చూడగా అట్టి పదవికి ఆయన యోగ్యత చాలదని వారు తేల్చిరి. అంతటితో నాగినచో ఒక పండితుని యోగ్యతను గూర్చి యొక సంఘపు తీర్పని మనము సరిపెట్టుకొనవచ్చును. కాని వారు మఱియొక యడుగు ముందుకు వేసి, దేశీయుడెవ్వడును అట్టి పనికి సరితూగునని చెప్పుట కష్టమనియు, ఇట్టి పరిశోధనములందు దేశీయులు సహాయకులుగా మాత్రము మిక్కిలి యుపయోగపడుదురనియు భావము వెల్లడించిరి. పని విలియం టెయిలర్ అను చెన్నపట్టణపు క్రైస్తవ మతాచార్యున కప్పగింపబడెను.

చట్టము రంగు చూడరాదని మూడేండ్లక్రిందట చెప్పినది. నివేదికయును రంగును పేర్కొనలేదు. యోగ్యత యను మాటను మాత్రము వాడినది. మాఱినది పేరే. గుమ్మముమీది నిషేధపు పలక తీసివేయబడెను. లోపలి పరీక్షాధికారి మాత్రము మునుపటివాడే. ఆ యోగ్యత నెట్లు కొలిచిరో కూడ గమనింపదగినది. శాసనము చదువుట, లిపి గుర్తించుట, గ్రామవృత్తాంతమున కల్పన యేదో నిజమేదో వేరుచేయుట, పదిమంది పండితులచేత పనిచేయించుట అను నర్హతలను కొలుచుటకు వారు పూనుకొనలేదు. ఆంగ్లమున వ్రాసిన సంగ్రహము నొకదానిని కొలిచిరి. ఒక వ్యక్తి వ్రాసిన కాగితమునుండి యొక జాతియంతటి శక్తిమీదికి తీర్పు దూకెను. ఐరోపావాడొకడు చెడ్డ సంగ్రహము వ్రాసినచో ఐరోపావారందఱును పనికిరారని యెవరును తీర్మానింపరుగదా!

ఇది ప్రిన్సెపుగారి దుర్బుద్ధి యని మేము చెప్పబోము. ఆయన గొప్ప పరిశోధకుడు. మరుసటి యేటనే, 1837లో, అశోకుని బ్రాహ్మీలిపి రహస్యమును విప్పి లోకోపకారము చేసెను. ఆ కార్యమున కమలాకాంత విద్యాలంకారుడను వంగపండితుడును, సింహళమునకు చెందిన రత్నపాలుడును తోడ్పడిరి; వారి సహాయమును ఆయన మఱుగుపఱచలేదు. సజ్జనుడగు పండితుడే యిట్టి నివేదిక నంగీకరించెననగా, దోషము మనుష్యునియందు కంటె వ్యవస్థయందే లోతుగా నుండెనని తేలుచున్నది. దేశీయుని మెచ్చుకొనుటకు ఆ వ్యవస్థలో నడ్డులేదు. మెకంజీ మెచ్చెను, విల్సన్ వాడుకొనెను, ప్రిన్సెప్ కృతజ్ఞత తెలిపెను. దేశీయుని క్రింద ఆంగ్లేయుడు పనిచేయుట, దేశీయుడు స్వతంత్రముగా నిర్ణయము చేయుట మాత్రము దానికి మ్రింగుడుపడలేదు.

దీనివలన గలిగిన నష్టము లక్ష్మయ్యగారి దొక్కటియే కాదు. టెయిలరుగారు శ్రమపడి పెద్ద పట్టికలు ప్రకటించిరి. కాని ఆయన చేసిన యనేక చారిత్రక నిర్ణయములను తరువాతి పండితు లంగీకరింపలేదు. వ్రాతలను తెచ్చినవారు బ్రదికియుండగనే, అవి దొరకిన సందర్భమును వారిచేత చెప్పించి పదిలపఱచు నవకాశము చాలవఱకు జారిపోయినది. ఫలానా కైఫీయత్తును వ్రాయించిన కరణ మెవరు, ఎవరి ముందు వ్రాయించెను, ఏమి యాశించి యేమి దాచెను అను ప్రశ్నలకు లక్ష్మయ్యగారివంటివారు ఉత్తరమీయగలిగియుందురు. కాగితములు మిగిలినవి, వానిని చదువు తాళపుచెవులలో కొన్ని పోయినవి.

దేశీయుడు ఆ పనికి చాలడన్న మాట యెంతకాలము నిలిచెనో చరిత్రమే చెప్పుచున్నది. 1908లో వలైయత్తూరు వెంకయ్యగారు భారతప్రభుత్వపు ప్రధాన శాసనపరిశోధకులైరి. 1836 నివేదికకును ఈ నియామకమునకును నడుమ 72 సంవత్సరములు. ఆ మధ్యకాలమున దేశీయుల మెదడు మాఱలేదు; గుమ్మము కొంత తెరువబడినది. తెరువబడిన వెంటనే తగినవాడు కనబడినాడనగా, అంతకుముందు తగినవారు లేరనుట యెంత నిజమో పాఠకులే యూహించుకొనగలరు.

మెకంజీ సంచయమున దక్షిణభాషల భాగము చెన్నపట్టణమునకు మరలివచ్చి, అచ్చటి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకాలయమున చేరినది. తెలుగు కైఫీయత్తులు జిల్లాలవారీగా అచ్చుపడుచు సామాన్యపాఠకులకును అందుచున్నవి. ఈ గ్రంథములను ప్రకటించువారును, వానినుండి విషయములెత్తి వ్రాయువారును ఒక చిన్న మర్యాదను పాటింపవలెనని మా కోరిక. మెకంజీ పేరును తొలగింపనక్కఱలేదు. ఆయన ధనమును, శ్రద్ధయు, కృతజ్ఞతయు గౌరవింపదగినవే. దాని ప్రక్కన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్యగారల పేళ్లను, తెలిసినంతవఱకు ఆ వృత్తాంతమును తెచ్చినవాని పేరును, చెప్పిన కరణము పేరును గూడ ముద్రింపవలెను.

రాజధానిలో కచేరీలయందును, విద్యాలయములందును, ఆస్పత్రులయందును బాధ్యతగల స్థానములలో నున్న మనవారికి ఈ జీవితము మఱియొక విధముగను తగులును. నేడు మనపైన దొర లేడు. నివేదికమీద సంతకము చేయువారు మనమే. ఆ నివేదికకు ఎండలో దిరిగి అంకెలు తెచ్చినవారు, వ్రాసినవారు, నకలు తీసినవారు మన వెనుక నిలిచియున్నారు. వారిలో నొకడు ముందుకు వచ్చి ఈ పనిని నేనే నడపెదనని యడిగినప్పుడు, అతని పనిని చూచి బదులు చెప్పుదుమా, అతని ఇంగ్లీషును, ఊరిని, కులమును చూచి బదులు చెప్పుదుమా? లక్ష్మయ్యగారికి జరిగిన యన్యాయమును దూషించు హక్కు మనకు ఆ బదులును బట్టియే కలుగును.